ఏడున్నర వేల కిలోమీటర్లు

ఆ వీధిలో పది స్పేర్ పార్టుల దుకాణాలున్నాయి. తొమ్మిదింటిలో ఏ నూనె అడిగితే ఆ నూనె ఇస్తారు. పదోదాంట్లో ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత నూనె ఇస్తారు. చిత్రమేమిటంటే, జనం ఆ తొమ్మిదీ దాటుకుని పదోదానికే వెళ్తారు.

ఆ పదో దుకాణం ఫిల్టరక్కది. యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద కళ్ళద్దాలు, ఆ కళ్ళద్దాల పక్కనే కోపం. అసలు పేరు ఒకప్పుడు బోర్డు మీద ఉండేదట. ఎండకీ వానకీ అక్షరాలు రాలిపోయాయి. అందరూ ఫిల్టరక్క అని పిలవడం మొదలెట్టాక వాటిని మళ్ళీ రాయించే అవసరం ఎవరికీ కనిపించలేదు.

పదకొండేళ్ళ కిందట భర్త జ్వరంతో పోయినప్పుడు ఆవిడకి ఆయిల్ ఫిల్టరంటే ఏమిటో, ఎయిర్ ఫిల్టరంటే ఏమిటో తెలియదు. దుకాణం అమ్మేయమని చుట్టాలంతా సలహా ఇచ్చారు. ఉచితంగా వచ్చేవి సలహాలే కదా, ధారాళంగా ఇచ్చారు. ఒక్క ఆడపడుచు మాత్రం వేరే ఏమీ మాట్లాడకుండా తన కుట్టుమిషను తెచ్చి దుకాణంలో ఓ మూల వేసుకుంది. "నువ్వు నూనెలు అమ్ము వదినా, నేను సీటు కవర్లు కుడతాను. ఇద్దరం కలిసి మునుగుదాం," అంది. మునగలేదు. మునగలేదంటే దానికి కారణం మొదటి నెలలో జరిగిన ఒక పొరపాటు.

ఒక టాక్సీకి ఆవిడ సరైన ఫిల్టరే ఇచ్చింది. అయితే పాత ఫిల్టరు తాలూకు రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్తది బిగించారు. నాలుగు వీధులు తిరిగేసరికి నూనె అంతా రోడ్డు పాలైంది. తప్పు బిగించినవాడిది. కానీ ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు నించి ఏ బండి వచ్చినా, పాత ఫిల్టరు తెచ్చి చూపిస్తే తప్ప కొత్తది చేతికివ్వడం మానేసింది. పాతదాన్ని డబ్బా కోసినట్టు కోసి, లోపలి మడతలు విప్పి, అందులో మెరిసే పొడి ఉందా, మడ్డి ఉందా చూసేది. ఆ తర్వాత మచ్చల పుస్తకం వచ్చింది.

మచ్చల పుస్తకం గురించి చెప్పాలి. అద్దుడు కాగితాలు బెత్తెడు మందాన పేర్చి ఆడపడుచు కుట్టిపెట్టిన పుస్తకం అది. వచ్చిన ప్రతి బండికీ బానెట్ తెరిపించి, డిప్‌స్టిక్ బయటికి లాగి, దాని కొన నుంచి ఒక్క చుక్క ఆ కాగితం మీద వదిలేది ఫిల్టరక్క. పక్కన తేదీ, కిలోమీటర్లు రాసేది. చుక్క మెల్లగా పాకి మచ్చవుతుంది. మధ్యలో నల్లగా గడ్డకట్టి ఆగిపోతే నూనె ప్రాణం పోయిందని అర్థం. తేనె రంగులో పల్చగా నలువైపులా పాకితే ఇంకా బోలెడు బతుకుందని. మచ్చ చూసి యజమాని జాతకం చెప్పేది. "క్లచ్చు మీంచి కాలు తియ్యవు కదూ?" "ఎక్కి పది నిమిషాలు తిరక్కుండానే ఆపేస్తున్నావు, బండి వేడెక్కడమే లేదు." "ఈ బండి నువ్వు నడపట్లేదు, మీ బావమరిది నడుపుతున్నాడు." జనం నోళ్ళు తెరిచేవారు.

"నూనె అబద్ధం ఆడదు, దాని దగ్గర నేనూ ఆడను," అనేది. నూనె విషయంలో ఆవిడ నోట అబద్ధం రాదన్న పేరొక్కటే ఆ దుకాణానికి ఉన్న బోర్డు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, అలాంటి మనిషి ఒకే ఒక్క బండి మచ్చల్ని మాత్రం పూర్తిగా తప్పు చదివింది.

ఆ బండి గ్రాముగారిది.

గ్రాముగారంటే కాటాలు బాగుచేసే ఆయన. కూరల కొట్టు తక్కెడ నించి లారీలు తూచే పెద్ద కాటా దాకా ఊళ్ళో ఏ తూకం దారి తప్పినా ఆయనే దాన్ని దారిలో పెట్టాలి. గ్రాము తేడా ఉన్నా నిద్ర పట్టని మనిషి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. యాభై ఏడేళ్ళుంటాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే, "అడగడం ఆలస్యమైందండీ, ఈలోగా ఆవిడకి వేరే సంబంధం కుదిరింది," అని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ బాపతు. నాలుక ఉంది గానీ కచ్చితమని తేలితే తప్ప కదపడు.

ఆయన ఇరవై ఒక్క ఏళ్ళ వయసున్న పాత పెట్రోలు కారొకటి కొన్నాడు. టర్బో కారు. తూకపురాళ్ళన్నీ వేసుకుని ఎత్తు ఎక్కాలంటే బలం కావాలి మరి. మొదటిసారి దుకాణానికొచ్చిన రోజు గుమ్మం బయటే నిలబడి, "పొద్దున్న స్టార్టు చెయ్యగానే గలగలమంటోందండీ," అన్నాడు.

"ఎంతసేపు?" అంది ఫిల్టరక్క, తలెత్తకుండానే.

"రెండు పాయింట్ ఎనిమిది సెకన్లు."

ఫిల్టరక్క తలెత్తింది. పదకొండేళ్ళలో ఆ ప్రశ్నకి వచ్చిన జవాబులు "కాసేపు", "కొంచెం సేపు", "మా ఆవిడ లేచేదాకా". వాచీ పెట్టి కొలుచుకొచ్చిన మనిషి ఇతనే మొదటివాడు.

"రోజూ అంతేనా?"

"ఆదివారం మూడు పాయింట్ ఒకటి. శనివారం బయటికి తియ్యను కదండీ, ఎక్కువసేపు నిలబడుతుంది."

కుట్టుమిషను ఆగింది. ఆడపడుచు నోరు నొక్కుకుంది. ఫిల్టరక్క మాత్రం నవ్వలేదు. లేచి బయటికెళ్ళి, పక్క షెడ్డు మెకానిక్ చేత ఆ ఫిల్టరు ఊడదీయించి, తెచ్చి బల్ల మీద పెట్టి కోసింది.

"మరలు సరిపోయాయి, సైజు సరిపోయింది. ఎవరో కళ్ళు మూసుకుని ఇచ్చారు," అంది. "ఇక్కడొక రబ్బరు పొర ఉండాలి. బండి ఆపాక నూనె కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది. దీనికి అది లేదు. రాత్రంతా నూనె అడుక్కి దిగిపోతోంది. పొద్దున్న అది మళ్ళీ పైకెక్కే దాకా మీ టర్బో గొంతెండిపోయి అరుస్తోంది. టర్బో అంటే ఏమిటో తెలుసా?"

"పొగ తోస్తే తిరిగే చక్రమని చదివానండీ."

"నిమిషానికి లక్ష చుట్లు పైమాటే. అంత వేగంగా తిరిగే చక్రానికి ఆధారం వెంట్రుకంత మందం నూనె పొర. అది లేకుండా రోజుకి రెండు పాయింట్ ఎనిమిది సెకన్లంటే..."

"ఏడాదికి పదిహేడు నిమిషాలు," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

అప్పుడు ఫిల్టరక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత దుకాణంలో ఆ నవ్వు వినపడి షెడ్డులోంచి మెకానిక్ తొంగి చూశాడు.

ఇక నూనె ఎంచుకోవడం. అరల్లో నాలుగు రకాలున్నాయి. మెకానిక్ ఊరుకోకుండా, "పాత బండి కదక్కా, చిక్కటిది పోయించు, హాయిగా ఉంటుంది," అన్నాడు. "ముసలాడని గంజి పోస్తావా?" అని అతని మీద లేచింది ఫిల్టరక్క. మరీ చిక్కటిదైతే చల్లటి పొద్దున టర్బో దాకా చేరేసరికి ఆలస్యమవుతుంది. మరీ పల్చటిదైతే ఎత్తు ఎక్కేటప్పటి వేడికి నీళ్ళయిపోతుంది. బండితో వచ్చిన పుస్తకంలో కంపెనీవాళ్ళు ఏ నంబరు రాశారో అదే నంబరు, పూర్తి సింథటిక్, ఎక్కువ వేడికి మాడి మడ్డి కట్టనిది. రబ్బరు పొర ఉన్న ఫిల్టరు. గాలి ఫిల్టరు కూడా కొత్తదే, ఎందుకంటే పాతదాని అంచు చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి పోయే ఇసుక రేణువు ఒక్కటి చాలు, లక్ష చుట్ల చక్రం రెక్క విరగడానికి. గ్రాముగారు డబ్బా మీద అక్షరాలు ఒక్కటి కూడా వదలకుండా చదివాడు. చదివి, తడుముకుని, "పక్కకి పెట్టిన ఆ మూడు డబ్బాలూ ఎందుకు వద్దో కూడా చెప్తారా?" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఇంత ఇష్టంగా ఆవిడ మాట ఎవరూ వినలేదు.

పాత నూనె చివరి చుక్క దాకా కారడానికి అరగంట పట్టాలి. అది ఆ దుకాణం నియమం. ఆ అరగంటా గ్రాముగారు బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక, నట్లూ బోల్టులూ తూచే బల్ల మీది కాటాని దగ్గరికి లాక్కుని చూసి, "పదకొండు గ్రాములు ఎక్కువ చూపిస్తోందండీ," అన్నాడు భయపడుతూ. ఫిల్టరక్క మొహం పాలిపోయింది. "అంటే నేను జనాన్ని మోసం చేస్తున్నానా?" "లేదండీ, కాటా చేస్తోంది," అని ఆయన అక్కడే విప్పి సరిచేశాడు. ఏమీ పుచ్చుకోలేదు. టీ మాత్రం తాగాడు.

"మొదటిసారి కదా, లోపలి పాత మురికి కడుక్కుపోవాలి. ఐదు వేల కిలోమీటర్లకి రండి. ఆ తర్వాత ప్రతి ఏడున్నర వేలకీ చాలు," అని పంపింది.

సరిగ్గా ఐదు వేలకి వచ్చాడు. గలగల లేదు. అరగంట కూర్చున్నాడు. తర్వాత ఏడున్నర వేలకి రావలసినవాడు మూడు వేల రెండు వందలకే వచ్చాడు.

"ఏమైందండీ? చప్పుడా?"

"లేదండీ. మార్పించాలనిపించింది."

సరే, జాగ్రత్త మనిషి అనుకుంది. ఈసారి వెయ్యిన్ని తొమ్మిది వందలకి వచ్చాడు. "మార్పించాలనిపించిందండీ." ఆ పై పదకొండు వందలకి. అదే మాట. కూర్చోవడం అరగంట, టీ ఒకటి, కబుర్లు బోలెడు. పళ్ళెం కింద అయస్కాంతం పెట్టిన కొట్టువాడి గురించి ఆయన చెప్తే, ఫిల్టరులో చెవిపోగు దొరికిన కారు గురించి ఆవిడ చెప్పేది. ఆ రోజుల్లో ఫిల్టరక్క మిగతా జనాన్ని కూడా కాస్త తక్కువ తిట్టేదని మెకానిక్ ఇప్పటికీ చెప్తాడు.

ఆరు వందల నలభై కిలోమీటర్లకి వచ్చిన రోజు ఆవిడ మచ్చ తీసింది. చుక్క కాగితం మీద పడి, తేనెలా పాకి, అసలు అక్కడ ఏదైనా పడిందా అన్నట్టు ఊరుకుంది. కొత్త నూనెకీ దానికీ తేడా లేదు. దుకాణం నిండా జనం. ఫిల్టరక్కకి చిర్రెత్తుకొచ్చింది. వృథా అంటే ఆవిడకి ఒళ్ళు మంట.

"ఇంత మంచి నూనె పారబోయడానికి మీకు చేతులెలా వస్తున్నాయండీ?" అంది. "చూడండి ఈ మచ్చ! చంటిపిల్లాడి నుదుటిలా ఉంది. గ్రాము గ్రాము లెక్క చూసే మనిషి డబ్బాలకి డబ్బాలు పారబోస్తారా? నేను అమ్మను. ఈ నూనెతో ఇవాళ్టి నించి ఏడున్నర వేలు తిరగండి. అప్పటిదాకా ఈ గుమ్మం తొక్కకండి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. గ్రాముగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "ఏడున్నర వేలు," అని రాసుకుని, మీటరు అంకె కూడా పక్కన వేసుకుని, "అలాగేనండీ," అని వెళ్ళిపోయాడు. అరగంట కూర్చోలేదు. టీ గ్లాసు బల్ల మీద చల్లారిపోయింది.

జనం వెళ్ళాక ఆడపడుచు కుట్టుమిషను ఆపి, లేచి వచ్చి, మచ్చల పుస్తకం తెరిచింది. గ్రాముగారి పేజీ తీసి వదిన మొహం ముందు పెట్టింది. ఆరు మచ్చలు. మొదటిది పాత యజమాని కాలంనాటిది, బొగ్గులా ఉంది. తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి తేలికవుతూ, చివరిది కనీకనపడకుండా.

"ఏం కనిపిస్తోంది వదినా?"

"వృథా."

"నీ తలకాయ. ఊళ్ళో బండ్లన్నిటి జాతకాలూ చెప్తావు. ఆ మనిషి ఐదు వేలకొచ్చాడు, మూడు వేలకొచ్చాడు, రెండుకొచ్చాడు, ఒకటికొచ్చాడు. ఇంకో నెల ఊరుకుంటే రోజూ వచ్చేవాడు. ఆయనకి కావలసింది నూనె అనుకుంటున్నావా?"

ఫిల్టరక్క పుస్తకం లాక్కుంది. "నోరు మూసుకో. ఈ వయసులో నీకూ నాకూ ఏమిటీ మాటలు?" అంది. అని, సాయంత్రం దాకా అదే పేజీ తెరిచి కూర్చుంది. 'మార్పించాలనిపించింది' అని ఆయన ప్రతిసారీ చెప్పిన మాటలో అబద్ధం ఒక్క గ్రాము కూడా లేదని అప్పుడు తట్టింది. చప్పుడొస్తోందనో, దూర ప్రయాణముందనో ఒక్క వంక కూడా చెప్పలేదు. తనే వినలేదు. వినకపోగా పదిమందిలో గుమ్మం తొక్కొద్దంది.

తిట్టిన నోటితో పిలవడం ఎలాగో ఆవిడకి తెలియదు. లెక్క మాత్రం తెలుసు. ఆయన రోజుకి ముప్పై కిలోమీటర్లు తిరుగుతాడు. ఏడున్నర వేలంటే రెండు వందల యాభై రోజులు. ఎనిమిది నెలల పైమాట. గ్రాముగారు చెప్పిన అంకెకి ఒక్క కిలోమీటరు ముందు కూడా రాడు. ఆయన సంగతి తెలిసిందే కదా.

పది రోజులు గడిచాయి. నెల గడిచింది. ఫిల్టరక్క మునుపటికన్నా ఎక్కువ తిట్టడం మొదలెట్టింది. జనం పక్క దుకాణాల వైపు చూడసాగారు. ఎవరైనా "కాసేపు గలగలమంటోంది," అంటే, "కాసేపంటే ఎంత? వాచీ లేదా?" అని మండిపడేది. ఆ మాట అన్నాక ఖాళీ స్టూలు వంక చూసేది. ఆ అరగంటలు ఎంత బాగుండేవో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"ఏముంది, కాటా చెడిపోయిందని కబురు పెట్టు," అంది ఆడపడుచు.

"చెడలేదు కదే."

"చెడగొట్టు."

"అబద్ధమా? నా దుకాణంలోనా?"

"నూనె గురించి కాదు కదా వదినా, కాటా గురించి. దాని మీద నీకు ఒట్టేమీ లేదు."

యాభయ్యో రోజున ఆడపడుచు దారాలు కొనడానికి వెళ్ళింది. ఫిల్టరక్క వీధి ఆ కొసా ఈ కొసా చూసింది. డబ్బాలోంచి ఒక వాషరు తీసి, దానికి గ్రీజు రాసి, కాటా పళ్ళెం కింద అంటించింది. ముల్లు తొమ్మిది గ్రాములు ఎగిరింది. జనాన్ని మోసం చెయ్యకుండా ఆ వేళ నుంచి నట్లూ బోల్టులూ తూకానికి అమ్మడం మానేసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత గ్రాముగారి కొట్టుకి ఫోను చేసింది. పక్క కొట్టతను తీశాడు.

"ఆయన ఊళ్ళో ఎక్కడుంటున్నాడమ్మా ఈమధ్య! పొద్దున్నే కారేసుకుని పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. రోజూ అంతే."

మెకానిక్ దానికి ఇంకాస్త ఉప్పూ కారం కలిపాడు. "నిజమేనక్కా, రోజూ ఊరవతలి కొండ దారినే పోతున్నాడు. మకాం మార్చేస్తున్నాడేమో. అక్కడెవరైనా ఉన్నారేమో!"

ఫిల్టరక్క ఫోను పక్కన పెట్టేసింది. "ఉంటే ఉన్నారు. టర్బో ఆపే ముందు ఒక్క నిమిషం ఊరికే తిరగనిస్తున్నాడో లేదో," అని లోపలికి వెళ్ళి, అరలన్నీ దించి, తుడిచి, మళ్ళీ సర్దింది. మచ్చల పుస్తకం అన్నిటికన్నా పై అరలో పెట్టింది. వాషరు తీసెయ్యాలన్న సంగతే మర్చిపోయింది, నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇవ్వడం మాత్రం అలవాటుగా నిలిచిపోయింది. ఆడపడుచుకి కళ్ళు చెమర్చాయి గానీ, ఆవిడ స్వభావం వేరు కదా, "గుమ్మం తొక్కొద్దంటే పాపం కొండెక్కాడు," అని సణిగి ఊరుకుంది.

డెబ్భై రెండో రోజు పొద్దున్న మెకానిక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, గ్రాముగారికి మతి పోయినట్టుంది!"

"ఏమైంది?"

"ఏడింటి నుంచి మన వీధి చుట్టూ తిరుగుతున్నాడు. ఆగడు, దిగడు. నేను ఇరవై ఆరు చుట్లు లెక్కపెట్టాను. చెయ్యి ఊపితే చెయ్యి ఊపి పోతున్నాడు!"

ఫిల్టరక్క గుమ్మంలోకి వచ్చింది. నిజమే. పాత కారు మలుపు తిరిగి, దుకాణం ముందు నించి మెల్లగా పోయింది. గ్రాముగారి కళ్ళు రోడ్డుకీ మీటరుకీ మధ్య ఆడుతున్నాయి. మళ్ళీ వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. ముప్పయ్యో చుట్టులో కారు గుమ్మానికి నాలుగడుగుల అవతల టక్కున ఆగింది. ఇంజను మాత్రం ఆపలేదు. సరిగ్గా నిమిషం పాటు దాన్ని ఊరికే తిరగనిచ్చి, అప్పుడు తాళం తిప్పి, దిగాడు. కాస్త చిక్కాడు. మొహం చేటంతయింది.

"ఏడున్నర వేలండీ," అన్నాడు.

ఫిల్టరక్క కారు దగ్గరికెళ్ళి, మీటరు చూసింది. పై అరలోంచి పుస్తకం దింపి, పాత అంకె చూసింది. తీసివేసింది. ఏడు వేల ఐదు వందలు. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు.

"డెబ్భై రెండు రోజుల్లోనా? ఎక్కడ తిరిగారండీ?"

"కొండ అవతల ఊళ్ళలో కాటాలు చూసేవాళ్ళు లేరండీ. ఎన్నేళ్ళ నించో రమ్మంటున్నారు, దూరమని వెళ్ళేవాణ్ణి కాదు. ఇప్పుడు వెళ్ళాను. అక్కడి కాటాలన్నీ అయిపోయాయి. ఆసుపత్రిలో పసిపిల్లల్ని తూచేది కూడా చేశాను. నాలుగు రోజుల కిందటే చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా రోజూ వెళ్ళి టీ తాగి వచ్చాను," అన్నాడు. "నిన్న రాత్రికి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు తగ్గిందండీ. అంత దగ్గరికొచ్చాక దూరం పోబుద్ధి కాలేదు. ఇక్కడే తిరిగాను."

మెకానిక్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీటరు తిప్పేస్తే పోయేదానికి!" అని గొణిగాడు. గ్రాముగారు అతని వంక చూసిన చూపు, తూకంలో వేలు పెట్టిన కొట్టువాళ్ళ మీద మాత్రమే ఆయన చూసే చూపు.

ఫిల్టరక్క బానెట్ తెరిపించింది. డిప్‌స్టిక్ లాగింది. చుక్క వదిలింది. గోధుమ రంగు దాటి, నలుపెక్కి, అయినా అంచుల దాకా చక్కగా పాకిన మచ్చ. కష్టపడి పని చేసిన నూనె మచ్చ. ఏడింటిలో ఏడున్నర వేలు తిరిగొచ్చింది ఇదొక్కటే. దాని వంక చూస్తుంటే ఆవిడ కళ్ళద్దాలు మసకబారాయి. ఒక మనిషి తన నోటి మాట కోసం కొండ ఎక్కి దిగి, ఎక్కి దిగి వచ్చాడు. ఆవిడకి ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు.

నూనె కారుతోంది. గ్రాముగారు స్టూలు మీద కూర్చున్నాడు. అలవాటు చొప్పున బల్ల మీది కాటా దగ్గరికి లాక్కున్నాడు. ఆయన మొహంలో నవ్వు మాయమైంది.

"తొమ్మిది గ్రాములు ఎక్కువండీ."

ఫిల్టరక్కకి అప్పుడు గుర్తొచ్చింది. వాషరు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేతులు రెండూ కొంగుకి తుడుచుకుంది. ఈలోగా ఆయన పళ్ళెం ఎత్తి, వాషరు ఊడదీసి, వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులో చూశాడు.

"ఇది పడింది కాదండీ. గ్రీజు రాసి ఎవరో కావాలని అంటించారు. మీ దుకాణంలో ఇలాంటి పని ఎవరు..."

ఆడపడుచు కుట్టుమిషను మీద తల పెట్టేసింది. భుజాలు కదులుతున్నాయి. తనకీ ఇప్పుడే తెలిసింది మరి.

"నేనే," అంది ఫిల్టరక్క.

"మీరా?"

"నేనే అంటించాను. కాటా చెడిందని చెప్తే మీరొస్తారని. తూకం మాత్రం ఎవరికీ వెయ్యలేదు, అన్నీ లెక్కపెట్టే ఇచ్చాను. ఫోను చేశాను కూడా. మీరు లేరు. కొండ మీద కిలోమీటర్లు పోగేసుకుంటున్నారు."

గ్రాముగారు వాషరునీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. ఆ మౌనం సరిగ్గా రెండు పాయింట్ ఎనిమిది సెకన్లని ఆడపడుచు తర్వాత వీధంతా చెప్పింది. ఆ పైన ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. బయట మెకానిక్ ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"ఎంతకాలం అయిందండీ ఇది పెట్టి?" అన్నాడు చివరికి, ఇంకా కచ్చితంగా తెలుసుకోవాలని.

"ఇరవై రెండు రోజులు."

"అయ్యో. యాభయ్యో రోజు. అప్పటికి నాకింకా రెండు వేల మూడు వందలు మిగిలున్నాయి."

నూనె కారడం ఆగింది. ఫిల్టరక్క రబ్బరు పొర ఉన్న ఫిల్టరు తీసింది, అదే నంబరు నూనె తీసింది, మెకానిక్ చేతికిచ్చింది. పుస్తకంలో తేదీ వేసింది, కిలోమీటర్లు వేసింది. 'మళ్ళీ' అన్న చోట కలం ఆగింది. నూనె విషయంలో ఆవిడ అబద్ధం రాయదు. ఏడున్నర వేలు కలిపి అంకె వేసింది.

గ్రాముగారు ఆ అంకె తలకిందులుగా చదివి, జేబులోంచి తన చిన్న పుస్తకం తీశాడు. ఆయన మొహం చూస్తే మళ్ళీ కొండెక్కడానికి సిద్ధపడుతున్నట్టే ఉంది.

"అది లోపల పెట్టండి," అంది ఫిల్టరక్క. "ఏడున్నర వేలు నూనెకి. మీకు కాదు. మీరు రేపు రండి. నడిచి రండి."

ఆయన పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నింటికండీ?"